చిన్న ప్రశ్నోత్తరి బీరువాలోంచి బయటికి: పొద్దున లేచింది మొదలు నిద్రపోయేదాకా లూథరన్ విశ్వాసం

పదహారో శతాబ్దపు జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ బాటలో నడిచే క్రైస్తవులే లూథరన్లు. మా వైపు లూథరన్ ఇళ్లలో లూథర్ రాసిన చిన్న ప్రశ్నోత్తరి, అంటే విశ్వాసాన్ని ప్రశ్నలు జవాబులుగా నేర్పే చిన్న పుస్తకం, బీరువాలో ఉంటుంది. పిల్లలు కన్ఫర్మేషన్ (తమ విశ్వాసాన్ని సంఘం ముందు తామే ఒప్పుకునే ఆరాధన) క్లాసులకు వెళ్లే ఏడాది బయటికొస్తుంది. "దీని అర్థమేమిటి?" అన్న ప్రశ్నలన్నింటికీ జవాబులు కంఠతా పట్టి, పాస్టరు అయ్యగారికి అప్పజెప్పి, తెల్లబట్టలు వేసుకుని మొదటిసారి ప్రభురాత్రి భోజనం (రొట్టె, ద్రాక్షారసం) తీసుకున్నాక మళ్లీ బీరువాలోకి వెళ్లిపోతుంది. నాదీ అదే కథ. దాన్ని రోజూ చేతిలోకి తీసుకోవచ్చని నలభై దాటాక గానీ నాకు తట్టలేదు.

నిజానికి అది ఇంటి కోసం కూడా రాసింది. 1528లో లూథర్ జర్మనీలోని సాక్సనీ పల్లెల్లోని సంఘాలను చూడటానికి తిరిగాడు. జనానికి ప్రభువు ప్రార్థన (యేసు నేర్పిన ప్రార్థన) రాదు, పది ఆజ్ఞలు తెలియవు. కొందరు పాస్టర్ల పరిస్థితీ అంతే. ఆ దిగులుతో 1529లో ఈ చిన్న పుస్తకం తెచ్చాడు. పుస్తకం కంటే ముందు గోడకు తగిలించుకునే పెద్ద కాగితాలుగా అచ్చువేశారు. ఇంటిపెద్ద తన ఇంటివాళ్లకు సులువుగా నేర్పవలసిన విధం ఇదీ అని భాగాల తలకట్టులోనే రాశాడు. తెలుగులో కూడా ఇది పాతదే. మిషనరీ బెంజమిన్ షుల్జ్ దీన్ని తెలుగు చేస్తే 1746లో జర్మనీలోని హాలె పట్టణంలో అచ్చయింది. అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ 1842 జులై 31న గుంటూరులో అడుగుపెట్టడానికి దాదాపు వందేళ్ల ముందు మాట అది. ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఏర్పడిందేమో 1927లో.

కింద రాసింది నేను ఇంట్లో, పనిలో చేస్తూ, మధ్యలో మానేస్తూ, మళ్లీ మొదలుపెడుతూ వచ్చిన పద్ధతి. కొన్ని మెట్లు చిన్నవి, రెండు మూడు మాత్రం కాస్త నిలబడి చూడాల్సినవి.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ఒక చిన్న ప్రశ్నోత్తరి, ఒక బైబిలు, ఒక పాటల పుస్తకం, ఒక మామూలు నోటుబుక్కు చాలు. కొత్త డైరీ, రంగు పెన్నులు కొంటే నాలుగు రోజులు ఉత్సాహంగా ఉంటుంది, ఐదో రోజుకి డైరీ మిగులుతుంది. ప్రశ్నోత్తరిలో మీకు కావలసిన పేజీలకు ముందే గుర్తులు పెట్టుకోండి: ఉదయ ప్రార్థన, భోజన ప్రార్థన, సాయంత్ర ప్రార్థన, పది ఆజ్ఞల వివరణ, ఒప్పుకోలు. కన్ఫర్మేషన్‌లో చాలామంది చేరని చివరి పేజీలే రోజూ ఎక్కువ పనికొస్తాయి.

మెట్టు 1: పొద్దున రెండు నిమిషాలు

లేవగానే ఏం చేయాలో లూథర్ వరసగా చెప్పాడు. సిలువ గుర్తు వేసుకుని "తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామమున" అనాలి. మోకరించిగానీ నిలబడిగానీ క్రైస్తవ నమ్మకాన్ని క్లుప్తంగా చెప్పే విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన చెప్పాలి. ఇష్టమైతే ఆ తర్వాత ఒక చిన్న ప్రార్థన కలుపుకోవాలి. సిలువ గుర్తు అనగానే "అది కాథలిక్కులది కదండీ" అంటారు మనవాళ్లు. లూథర్ రాసింది మాత్రం అదే. మీకు ఇబ్బందైతే మానేయండి, దానికోసం గొడవ అక్కర్లేదు. కానీ ఆ మాటలు వదలొద్దు. అవి మీ బాప్తిస్మమప్పుడు మీ మీద పలికిన మాటలు.

చిన్న ప్రార్థన సారం ఇది: "పరలోకమందున్న నా తండ్రీ, ఈ రాత్రి నన్ను కీడునుండీ అపాయంనుండీ కాపాడినందుకు నీ ప్రియకుమారుడైన యేసుక్రీస్తు ద్వారా నీకు స్తోత్రం. ఈ దినం కూడా పాపంనుండి, ప్రతి కీడునుండి కాపాడు. నా బ్రతుకు, నా పనులు నీకు ఇష్టమైనవిగా ఉండనివ్వు. నా శరీరం, నా ఆత్మ, నాకున్నదంతా నీ చేతికి అప్పగిస్తున్నాను. నీ పరిశుద్ధ దూత నాతో ఉండాలి, దుష్టుడికి నా మీద అధికారం ఉండకూడదు. ఆమేన్."

మొత్తం కలిపితే పాలు పొంగేలోపు అయిపోతుంది. మా ఆవిడ స్టవ్ దగ్గర నిలబడే చెప్పుకుంటుంది. ఆ తర్వాత లూథర్ చెప్పింది నాకు భలే నచ్చుతుంది: ఒక పాట పాడుకుంటూ సంతోషంగా నీ పనికి వెళ్లు. ఇంకో గంట కూర్చో అనలేదు.

ఇందులో ఒక చిక్కుంది. "ఈ ఒక్క పని చూసుకుని వచ్చి ప్రార్థన చేస్తా" అనుకుంటాం. ఆ ఒక్క పని ఇంకో పనికి ఎత్తుకెళ్తుంది. లూథర్ కూడా సరిగ్గా ఈ మాట గురించే హెచ్చరించాడు. ఇప్పుడా ఒక్క పని పేరు ఫోను. అందుకని ఫోను ముట్టుకునే ముందే ఇది అయిపోవాలని ఒక నియమం పెట్టుకోండి.

మెట్టు 2: అన్నం ముందు

145వ కీర్తనలోని రెండు వచనాలు: "సర్వజీవుల కన్నులు నీవైపు చూచుచున్నవి, తగినకాలమందు నీవు వారికి ఆహారమిచ్చుదువు. నీవు నీ గుప్పిలిని విప్పి ప్రతి జీవి కోరికను తృప్తిపరచుచున్నావు." ఇది పిల్లలతో చెప్పించండి. గుప్పిలి విప్పడం చేత్తో చేసి చూపిస్తే మూడేళ్ల పిల్లకు కూడా వచ్చేస్తుంది.

వారానికి ఒకసారి, ఆదివారం మధ్యాహ్నం అనుకోండి, ఇంకొంచెం చేయొచ్చు. "మా అనుదినాహారము" అంటే ఏమిటని ప్రశ్నోత్తరి అడుగుతుంది. జవాబులో అన్నం, నీళ్లు, బట్టలు, చెప్పులు, ఇల్లు, పొలం, పశువులు, డబ్బు, మంచి జీవిత భాగస్వామి, మంచి పిల్లలు, మంచి పాలకులు, మంచి వాతావరణం, శాంతి, ఆరోగ్యం, మంచి పేరు, నమ్మకమైన స్నేహితులు, నమ్మకమైన ఇరుగుపొరుగు, అన్నీ ఉన్నాయి. ఈ వరసకి మీ ఇంటి వరస జోడించమని పిల్లల్ని అడగండి. మా ఇంట్లో కరెంటు, బోరు నీళ్లు, స్కూలు ఆటో అన్న వచ్చాయి. ఆటో అన్న పేరు ప్రార్థనలో వినబడిన రోజునుంచి ఆలస్యమైతే పిల్లలు ఆయన మీద విసుక్కోవడం తగ్గింది.

మెట్టు 3: నాలుగు పేటల దండ

రోజులో ఇంకో పదిహేను నిమిషాలు దొరికేవాళ్లకి ఇది. దొరక్కపోతే వారానికి రెండుసార్లు చాలు.

విట్టెన్‌బర్గ్‌లో పీటర్ అని లూథర్‌కి క్షవరం చేసే స్నేహితుడు ఉండేవాడు. ప్రార్థన ఎలా చేయాలని అడిగితే, అతని కోసం లూథర్ 1535లో ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో అతని పనినే ఉదాహరణగా తీసుకున్నాడు: మంచి పనివాడు కత్తి మీద, వెంట్రుకల మీద కన్ను పెట్టాలి. కబుర్లు చెబుతూ దిక్కులు చూస్తే ఎదుటివాడి మూతో ముక్కో తెగుతుంది. ప్రార్థనలో కూడా మనసు అలాగే ఉండాలన్నాడు. (ఆ పీటర్ అదే ఏడాది భోజనం బల్ల దగ్గర సొంత అల్లుణ్ణి కత్తితో పొడిచాడు. అల్లుడు చనిపోయాడు. పీటర్‌కి ప్రాణం దక్కింది గానీ ఊరు విడిచిపోవాల్సి వచ్చింది. పుస్తకం మాత్రం ఇప్పటికీ అతని పేరు మీదే ఉంది.)

పద్ధతి ఇది. ఒక ఆజ్ఞ తీసుకుని నాలుగు పేటలుగా అల్లాలి. మొదటిది ఉపదేశం: ఈ ఆజ్ఞ నాకేం నేర్పుతోంది? రెండోది స్తోత్రం: ఇందులో దేవుడు నాకేం ఇచ్చాడు? మూడోది ఒప్పుకోలు: నేనెక్కడ తప్పాను? నాలుగోది విన్నపం: ఇప్పుడు నాకేం కావాలి?

నా సొంత ఉదాహరణ చెబుతాను. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో చాలా ఏళ్లు గుమాస్తాగా చేశాను. ఒక సీజన్లో ఏడో ఆజ్ఞ, "దొంగిలకూడదు", తీసుకుని కూర్చున్నాను. దొంగతనం నాకు సంబంధంలేని పాపం కదా, తొందరగా అయిపోతుందనుకున్నాను.

ఉపదేశం: ప్రశ్నోత్తరి జవాబు "ఎత్తుకుపోవద్దు" దగ్గర ఆగదు. పొరుగువాడి డబ్బుగానీ సొత్తుగానీ నకిలీ సరుకుతో, మోసపు బేరంతో లాక్కోవద్దు, పైగా అతని ఆస్తి, బతుకుతెరువు బాగుపడటానికి సాయం చెయ్యి అంటుంది. లూథర్ రాసిన మరో పుస్తకం, పెద్ద ప్రశ్నోత్తరిలోనైతే సంతలో తప్పుడు తూకాలు వేసేవాళ్లనూ, దర్జాగా కుర్చీలో కూర్చుని దోచేవాళ్లనూ లూథర్ దొంగల జాబితాలోనే చేర్చాడు. నేను కూర్చునేది కుర్చీలోనే.

స్తోత్రం: నాకు జీతం ఆగని ఉద్యోగం ఉంది. నా ఇంట్లో దొంగ పడలేదు. నాకు లెక్కలు నేర్పిన మిషను బడి ఉంది.

ఒప్పుకోలు: ఇక్కడ పెన్ను ఆగింది. కాటా అయ్యాక టిక్కీకి (మిర్చి బస్తాకి) ఇంత అని తూకంలోంచి తరుగు తీస్తారు. మా దుకాణంలో తీయాల్సిన దానికంటే కొంచెం ఎక్కువే తీసేవారు. తీయమన్నది నేను కాదు. రైతుకిచ్చే లెక్కల చీటీ, అదే పట్టీ, మీద రాసింది మాత్రం నా చెయ్యే. చదువురాని రైతు పట్టీ తెచ్చి "అయ్యా, లెక్క సరిపోయిందా?" అంటే "సరిపోయింది" అన్నది నా నోరే.

విన్నపం: ధైర్యం ఇవ్వమని అడిగాను. పెద్ద ధైర్యమేమీ రాలేదు. మరుసటి వారం నుంచి తరుగు ఎంతో రైతుకి విడిగా చదివి వినిపించడం మొదలుపెట్టాను, అంతే. రైతులు అడగడం మొదలుపెట్టారు, యజమానికి నచ్చలేదు. రెండు సీజన్ల తర్వాత నేను వేరే చోటికి మారాను.

మొదటిసారి చేసేవాళ్లకి రెండు సూచనలు. నాలుగు పేటలూ ప్రతిసారీ పూర్తవ్వాలని లేదు. ఒక్కచోటే మనసు నిలిచిపోతే మిగతావి వదిలేసి అక్కడే ఉండమని లూథరే అన్నాడు. రెండోది, ఆజ్ఞల లెక్క. అబద్ధసాక్ష్యం మనకి ఎనిమిదో ఆజ్ఞ, బాప్టిస్టు బంధువులకి తొమ్మిదోది. లెక్కపెట్టే తీరే వేరు, ఆజ్ఞలు అవే. ఆ ఎనిమిదోదాని వివరణ చివర్లో, పొరుగువాడి గురించి మంచిగా మాట్లాడు, అతను చేసినదానికి వీలైనంత మంచి అర్థం చెప్పు అని ఉంటుంది. సంఘం వాట్సాప్ గ్రూపులో ఏదైనా ఫార్వర్డ్ చేసే ముందు ఈ ఒక్క వాక్యం చదువుకుంటే చాలు.

మెట్టు 4: "నేను ఎవరికి ఏమవుతాను?"

పరిచర్య అంటే మనకి మైకు, స్టేజీ, కూడికలు. "ఫలానా ఆయన పరిచర్యలో ఉన్నాడు" అంటే ఉద్యోగం మానేశాడని అర్థం. లూథరన్ మాట దీనికి ఎదురుగా నిలబడుతుంది. మంచి పనులు దేవుణ్ణి మెప్పించడానికి కావు, క్రీస్తు వల్ల ఆ లెక్క ఎప్పుడో తీరిపోయింది. కాబట్టి ఆ పనులన్నీ ఇప్పుడు పొరుగువాడి కోసమే. 1522లో పెళ్లి గురించి రాస్తూ లూథర్, తండ్రి పిల్లవాడి గుడ్డలు ఉతుకుతుంటే జనం నవ్వొచ్చు గానీ దేవుడు తన దూతలతో కలిసి సంతోషంగా చిరునవ్వు నవ్వుతాడన్నాడు. మన ఊళ్లలో ఈ మాట చెబితే ఇప్పటికీ మగవాళ్లు తల దించుకుంటారు.

నోటుబుక్కులో ఒక పేజీ తీసుకోండి. ఎడమవైపు మీరు ఎవరికి ఏమవుతారో రాయండి: భర్త, తండ్రి, కొడుకు, గుమాస్తా, అద్దెకున్నవాడు, పక్కింటివాడు, ఓటరు, క్వయర్ సభ్యుడు. కుడివైపు ఒక్కో వరసకీ ఒక్కో మనిషి పేరు రాయండి. "సమాజం", "పేదలు" అని రాయొద్దు. "పై వాటాలో ఉండే మామ్మగారు" అని రాయండి. వారానికి ఒక పేరు పట్టుకుని, ఆ మనిషికి ఈ వారం నా వల్ల ఏం జరగాలి అని చూసుకోండి. కొన్నిసార్లు జవాబు మరీ చిన్నదిగా ఉంటుంది: గ్యాస్ బుక్ చేసిపెట్టడం, తమ్ముడికి ఫోను చేయడం, రిపోర్టు టైముకి ఇవ్వడం.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. ఇలా ఉన్నచోటే పొరుగువాడికి పనికిరావడాన్ని దేవుని పిలుపు అంటారు. ఆ మాటని మన దేశంలో కులవృత్తిలా చెప్పేసే ప్రమాదం ఉంది: "దేవుడు నిన్ను పెట్టినచోట ఉండు." మన తాతముత్తాతల్లో ఎక్కువమంది ఊరి చివరి వాడలనుంచే గుడికి వచ్చారు. పిలుపు అంటే పుట్టినచోటే ఉండటమైతే వాళ్లు టీచర్లు, నర్సులు అయ్యేవాళ్లే కాదు. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్‌దీ అలాంటి కథే. 1883లో గుంటూరు వచ్చినప్పుడు మిషను బోర్డు ఆమెని పంపింది వైద్యానికి కాదు. అయినా వైద్యం మొదలుపెట్టింది, ఆసుపత్రి కట్టించింది, 1930లో ఇక్కడే కన్నుమూసింది. ఆ ఆసుపత్రి ఇప్పుడు ఆమె పేరుతోనే ఉంది. అలాగే, తాగొచ్చి కొట్టే భర్తని భరించడమే భార్య పిలుపని ఎవరైనా ప్రసంగం చేస్తే అది లూథరన్ బోధ కాదు. నరహత్య చేయకూడదన్న ఐదో ఆజ్ఞ వివరణలో పొరుగువాడి శరీరానికి హాని చేయొద్దు, ఆపదలో అతనికి సాయం చెయ్యి అని ఉంది. ఆ అమ్మాయిని పుట్టింటికో పోలీస్ స్టేషన్‌కో తోడుగా తీసుకెళ్లడమే అక్కడ పరిచర్య.

మెట్టు 5: జబ్బు మనిషిని చూడటానికి వెళ్లడం

సంఘంలో ఎవరైనా చేయగలిగిన పని ఇది, ఎక్కువమంది పాడుచేసే పని కూడా ఇదే. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు పదకొండు మంది ఒకేసారి వచ్చి, ముప్పావుగంట ప్రార్థన చేసి, "విశ్వాసం ఉంటే తగ్గిపోతుందమ్మా" అని వెళ్లారు. విశ్వాసం సరిపోలేదేమోనని ఆవిడ రాత్రంతా ఏడ్చింది. అప్పటినుంచి నేను పాటించేవి ఇవి.

వెళ్లేముందు ఫోను చేసి ఎప్పుడు రమ్మంటారో అడగండి. ఇద్దరికి మించి వెళ్లొద్దు. మంచం మీద కాకుండా స్టూలు లాక్కుని, వాళ్ల కళ్ల ఎత్తులో కూర్చోండి. మొదట వినండి. ఎవరికో ఇదే జబ్బు వస్తే ఏమైందో చెప్పొద్దు. తర్వాత "ఒక కీర్తన చదవనా?" అని అడగండి. వద్దంటే వద్దు. సరేనంటే 23 గానీ 121 గానీ నెమ్మదిగా చదవండి. "కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను" అనగానే వయసైనవాళ్లు తర్వాతి మాట వాళ్లే అందుకుంటారు. మతిమరుపు వచ్చినవాళ్లు కూడా. ఆ తర్వాత రెండు మూడు వాక్యాల ప్రార్థన, చివర అందరూ కలిసి ప్రభువు ప్రార్థన. మొత్తం పదిహేను నిమిషాలు దాటొద్దు. ప్రభురాత్రి భోజనం కావాలని వాళ్లంటే పాస్టరుగారికి ఆరోజే చెప్పండి.

బయటికొచ్చాక అసలు పని ఉంటుంది. వరండాలో కూర్చున్న కొడుకునో కోడలినో "భోజనం చేశావామ్మా?" అని అడగండి. రెండు గంటలు నేను కూర్చుంటా, ఇంటికెళ్లి స్నానం చేసి రా అనండి. ఆ ఇంటివాళ్లు ప్రార్థనలో మనం ఏమన్నామో మర్చిపోతారు గానీ ఆ రెండు గంటలు మర్చిపోరు.

మెట్టు 6: రాత్రి

పడుకునే ముందు మళ్లీ విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, సాయంత్ర ప్రార్థన. వాటికి ముందు చిన్న ఒప్పుకోలు. ఏ పాపాలు ఒప్పుకోవాలని ప్రశ్నోత్తరి అడిగి, నీ స్థానం చూసుకో అంటుంది: నువ్వు తండ్రివా, తల్లివా, కొడుకువా, కూతురివా, యజమానివా, పనివాడివా? మాట వినలేదా, బద్ధకించావా, ఎవరినైనా నోటితోగానీ చేతితోగానీ నొప్పించావా? మెట్టు 4లో రాసుకున్న పేజీ ఇక్కడ పనికొస్తుంది. వరసలు చూసుకుంటూ పోతే రెండు పేర్ల దగ్గర మనసు తట్టుకుంటుంది. ఆ రెండూ దేవుడికి చెప్పండి. ఉన్నవి చాలవన్నట్టు పాపాలు వెతుక్కోవద్దు. లూథర్ కూడా అలా వెతికి మనసుని హింసపెట్టుకోవద్దనే అన్నాడు. కుర్రతనంలో సన్యాసుల మఠంలో ఆ బాధ పడినవాడు కదా. మరీ బరువైనది ఏదైనా ఉంటే పాస్టరుగారి దగ్గర ఏకాంతంగా ఒప్పుకుని, "నీ పాపాలు క్షమించబడ్డాయి" అన్న మాట చెవులారా వినొచ్చు. ఆ వసతి మన సంఘంలో మొదటినుంచీ ఉంది, వాడుకునేవాళ్లే తక్కువ.

భార్యాభర్తలు ఆరోజు పోట్లాడుకుని ఉంటే ప్రభువు ప్రార్థన కలిసి చెప్పడం మహా కష్టం. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" దగ్గర గొంతు సన్నబడుతుంది. మా ఇంట్లో చాలాసార్లు అక్కడే ఆగి, ముందు ఒకరికొకరం సారీ చెప్పుకుని, తర్వాత మిగతాది చెప్పాం. ఒకసారి మా ఆవిడ "నువ్వు చెప్పుకో, నేను రేపు చెప్పుకుంటా" అని అటు తిరిగి పడుకుంది. మర్నాడు పాలు కాస్తూ చెప్పింది.

సాయంత్ర ప్రార్థన అయ్యాక లూథర్ ఇచ్చిన చివరి సూచన: వెంటనే, ఆనందంగా నిద్రపో. వెంటనే అన్నాడు కాబట్టి ఫోను పక్క గదిలో చార్జింగ్‌కి పెట్టి రండి. అలారానికి చవక గడియారం చాలు.